వెనక వరుస ఫ్యాన్లు

మా బావకు వైరు ముక్క పారేయాలంటే ప్రాణం పోయినంత పని. జానెడు ముక్క మిగిలినా చుట్ట చుట్టి జేబులో వేసుకుంటాడు. బట్టలు నానబెట్టే ముందు ఆ జేబులు దులపడం మా అక్కకు అదనపు చాకిరీ. ఏ ఇంటికి వైరింగు చేసినా మిగతావాళ్లు చెప్పే లెక్కకంటే తక్కువ వైరుతో ముగిస్తాడని బావకు పేరు. ఆ పేరు చూసుకుని కాస్త మురిసిపోవడం కూడా ఉంది. నేను 'పొదుపు బావ' అని పిలిచేవాణ్ణి. బావమరిదిని కాబట్టి చెల్లిపోయింది.

అక్కకు చెవుడు. కూతురు పుట్టిన ఏడాది పెద్ద జ్వరం వచ్చి, పోతూ పోతూ వినికిడిని పట్టుకుపోయింది. చెవి మిషన్ పెట్టుకుంటే చప్పుడు తెలుస్తుంది గానీ మాట ముద్దముద్దగా ఉంటుంది. పెదాలు చూసి మిగతాది పూరించుకుంటుంది. అందుకే ఆ ఇంట్లో ఎవరూ వీపు తిప్పి మాట్లాడరు. మా మేనకోడలైతే కూరగాయలు తరుగుతూ కూడా తల్లి మొహంలోకి చూస్తూనే కబుర్లు చెబుతుంది. వేలు తెగిన సందర్భాలున్నాయి.

ఆ పిల్ల నాటకాల్లో చేరింది. వీధి చివర సంఘం హాల్లో ప్రదర్శన. వేషం చిన్నదే. అందులో అసలైన మాట మాత్రం జనానికి వీపు పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాలట.

"మీ అమ్మ కోసం కాస్త ఇటు తిరిగితే ఏం పోయిందే?" అన్నాను.

"డైరెక్టరు గారు ఒప్పుకోరు మావయ్యా. అడిగి చూశాను," అంది.

అక్క నవ్వింది. సాయంత్రం గిన్నెలు తుడుస్తూ నాతో అంది. "దాని గొంతెలా ఉంటుందో నాకు సరిగ్గా తెలీదురా. మొహం చూడకుండా ఒక్కసారి దాని మాట వినాలని ఉంది."

అప్పుడే సంఘంవాళ్లు చెవి మిషన్ పెట్టుకునేవాళ్ల కోసం హాల్లో ఒక ఏర్పాటు చేయించారు. గోడల అంచు వెంబడి హాలు చుట్టూ ఒక వైరు తిప్పి, మైకులో మాటను అందులోకి పంపుతారు. మిషన్ మీది చిన్న మీట మార్చుకుంటే చుట్టుపక్కల గోల లేకుండా ఆ మాట నేరుగా చెవిలో పడుతుంది. ఆ పని బావే నెత్తిన వేసుకున్నాడు. అక్క కోసమేనని పైకి చెప్పకపోయినా అందరికీ తెలుసు.

పరీక్షించిన రోజు మిషన్ల వాళ్లంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మాటకంటే ముందు జుమ్మని రొద. తేనెపట్టులో తల పెట్టినట్టుందని ఒక పెద్దాయన మిషన్ తీసి జేబులో పడేసుకున్నాడు. నాటకంలోగా బాగుపడకపోతే పీకించి వెనక్కి పంపేస్తామని కార్యదర్శి తేల్చి చెప్పాడు.

చిక్కేమిటంటే, ఆ రొద బావకు వినపడదు. స్పీకర్లలో మాట కడిగినట్టు శుభ్రంగా ఉంది. ముందు అక్క మిషన్‌నే అనుమానించాడు. తర్వాత హాలు వెనక ఎర్త్ గుంత తవ్వి, కొత్తగా ఉప్పూ బొగ్గూ పోసి నీళ్లు కొట్టాడు. మైకు వైర్లు మార్చాడు. ఆంప్లిఫయరుకు మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను లాగాడు. రొద ఇసుమంత కూడా తగ్గలేదు.

"నాకు లేని రొద మీకెక్కణ్ణుంచి వస్తోంది? అసలే చెవిటి చెవులు," అని విసుక్కున్నాడు.

అలవాటు కొద్దీ అక్క వైపు తిరిగే అన్నాడు, కాబట్టి అక్కకు ప్రతి ముక్కా అందింది. నాకు ఒళ్లు మండిపోయింది. అక్క మొహం చిన్నబోయింది. అయినా లేచింది.

"ఆ చెవుల్నే వాడుకోండి. ఒక్కో స్విచ్చీ ఆపుతూ రండి. రొద ఎక్కడ ఆగుతుందో నేను చెబుతాను," అంది.

అక్క మీట మార్చుకుని గోడ వెంట నడుస్తూ ఉంటే బావ బోర్డుల దగ్గర ఆపుతూ వేస్తూ వచ్చాడు. వేదిక దీపాలు ఆపినా రొద ఉంది. వరండా లైట్లు ఆపినా ఉంది. వెనక వరుస ఫ్యాన్లు ఆపగానే అక్క చెయ్యెత్తింది.

"పోయింది."

రెక్కలు ఆగడం చూసి చెబుతోందేమోనని బావ అనుమానం. అక్కను వేదిక దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి కళ్లు మూసుకోమన్నాడు. మళ్లీ వెనక్కి వెళ్లి నిశ్శబ్దంగా స్విచ్చి నొక్కాడు.

"వచ్చింది," అంది అక్క. "పోయింది. ఇంకా పోయే ఉంది, ఏం చేస్తున్నారక్కడ? ఆఁ, ఇప్పుడొచ్చింది."

బావ స్టూలు మీద చతికిలబడ్డాడు. ఆ ఫ్యాన్ల లైను ఎవరిదో కాదు, పెళ్లికాక ముందు తను వేసిందే. కరెంటు తెచ్చే ఫేజు వైరు వేదిక పక్క బోర్డు నుంచి లాగి, దాన్ని తిరిగి పట్టుకెళ్లే న్యూట్రల్ వైరు మళ్లీ అంత దూరం లాగడం దండగని గుమ్మం పక్క బోర్డులో కలిపేశాడు. బోలెడు వైరు మిగిలింది. ఫ్యాన్లు ఇన్నేళ్లూ బుద్ధిగా తిరిగాయి. కానీ వెళ్లే కరెంటూ తిరిగొచ్చే కరెంటూ పక్కపక్కనే నడిస్తేనే ఒకదాని రొదను ఇంకొకటి అణిచేస్తుంది. ఇక్కడ అది ఒక గోడ వెంట వెళ్లి ఇంకో గోడ వెంట వస్తోంది. హాలు చుట్టూ ఎవరూ అడగని రెండో చుట్టు ఒకటి తయారై కూర్చుంది. మిషన్లు మైకు మాటతో పాటు దాని రొదనూ అందుకుంటున్నాయి.

నెపం ఆంప్లిఫయరు మీదికి నెట్టేసి ఉండొచ్చు. అడిగేవాళ్లు లేరు. బావ మాత్రం కార్యదర్శి దగ్గరికి వెళ్లి, తప్పు తనదేనని చెప్పి, ఆ లైనంతా పీకి జంట వైరు కొత్తగా లాగాడు. ఈసారి కొలత కూడా తీసుకోలేదు. పని ముగించాక అక్కకు క్షమాపణ చెప్పాడు, అదీ గోడకేసి. నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. భుజం పట్టుకుని ఇటు తిప్పాను. మళ్లీ చెప్పాడు.

నాటకం రోజు మేం ముగ్గురం వెనక వరుసలోనే కూర్చున్నాం. మేనకోడలు వేదిక మీదికి వచ్చింది, కిటికీ దగ్గరికి నడిచింది, మాకు వీపు పెట్టింది. మాట్లాడింది. అక్క చెయ్యి మిషన్ మీదికి వెళ్లి అక్కడే ఆగిపోయింది. పెదాలు మెల్లిగా కదిలాయి, కూతురి మాటను వెంటనే తిరిగి పలుకుతూ.

తెర పడ్డాక ఆ పిల్ల రంగైనా తుడుచుకోకుండా పరుగెత్తుకొచ్చింది. తల్లిని అడగడానికి భయమేసిందో ఏమో, తండ్రి చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, కిటికీ దగ్గర నేనన్న మాట ఇక్కడిదాకా వినపడిందా?"

బావ అక్క వైపు చూశాడు. అంతసేపూ ఆయన అక్క మొహం తప్ప వేదిక చూస్తే ఒట్టు.

"మీ నాన్నకేం వినపడలేదే," అంది అక్క. "నన్నడుగు."