ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లిన ఏడో నంబరు కంప్యూటర్

అనూరాధకు కోపం వస్తే ముందు మాట పడిపోతుంది. కాసేపటికి మళ్లీ వచ్చే మాట ఎంసీఏ చదివిన మాట కాదు, సముద్రం ఒడ్డు మాట. ఆ సంగతి తనకు తెలుసు కనుకనే కాలేజీలో పనిచేసినన్నాళ్లూ కోపాన్ని పళ్ల కింద నొక్కిపెట్టుకుని తిరిగింది. ఒక్క రోజు తప్ప.

బుడగట్లపాలెం దాటాక ఒడ్డునే ఉన్న చిన్న పేట వాళ్లది. తండ్రి ఎర్రన్న గుజరాత్ బోట్ల మీద వేటకు పోయేవాడు. ఏడాదిలో సగం కాలం ఇంట్లో ఆయన గొంతు ఫోనులోనే వినపడేది. తల్లి దాలమ్మ పొద్దున్నే ఒడ్డున వేలంలో చేపలు పాడుకుని, తట్టతో ఆటో ఎక్కి శ్రీకాకుళం వీధుల్లో అమ్ముకొచ్చేది. అనూరాధ ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎంసీఏ చదివిందంటే ఆ తట్ట చలవే. చదువయ్యాక శ్రీకాకుళం శివారులో ఆడపిల్లల ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఒకటుంటే అందులో కంప్యూటర్ లెక్చరర్‌గా చేరింది.

పాఠం చెప్పడం ఆమెకు ప్రాణం. ల్యాబ్ మాత్రం ప్రాణం తీసేది. అందులో ఉన్నవి కాలేజీ పెట్టిన కొత్తలో కొన్న కంప్యూటర్లు. స్విచ్ వేస్తే లోపల హార్డ్ డిస్క్ గరగరమని తిరగడం, తెర మీద చుక్కల చక్రం గిర్రున తిరగడం, అంతే. ఈలోగా పిల్లలు జడలు విప్పి మళ్లీ వేసుకునేవారు. ప్రోగ్రామ్ తెరుచుకునేసరికి సగం పీరియడ్ అయిపోయేది. మిగిలిన సగంలో ఒకటి రెండు సిస్టమ్‌లు బిగుసుకుపోయేవి. పల్లెల నుంచి రెండేసి బస్సులు మారి వచ్చే పిల్లలు, ఇంట్లో కంప్యూటర్ అన్నదే లేని పిల్లలు, ఆ చక్రం వంక చూస్తూ కూర్చుని ఇంటికి పోయేవారు. ఫైనలియర్‌లో అరుణశ్రీ అని చురుకైన పిల్ల ఉండేది. ఆ అమ్మాయి ఒకరోజు, "మేడమ్, మాకు కంప్యూటర్ రాదా, కంప్యూటర్‌కే మేం రామా?" అంది. అందరూ నవ్వారు. అనూరాధకు నవ్వు రాలేదు.

ప్రిన్సిపాల్ జగన్నాధం గారి దగ్గరికి వెళ్లింది. ఆయన కామర్స్ మనిషి. మెత్తగా మాట్లాడతాడు, ఏ పనీ కాదనడు, ఏ పనీ చెయ్యడు.

"సార్, కొత్త కంప్యూటర్లు అక్కర్లేదు. ఇప్పుడు ఎస్ఎస్‌డీ అని వస్తోంది. ఈ తిరిగే డిస్క్ తీసేసి అది పెడితే చాలు, ఈ సిస్టమ్‌లే పరుగెడతాయి. ప్రాక్టికల్స్ దగ్గరకొచ్చాయి సార్."

"చూద్దామమ్మా."

"పోయిన ఏడాదీ చూద్దామన్నారు సార్."

"ముసలి గుర్రానికి కొత్త నాడాలెందుకు చెప్పు? పిల్లలకి థియరీ బాగా చెప్పు. మార్కులు వాటంతటవే వస్తాయి."

అనూరాధ బయటికొచ్చింది. వరండాలో నిలబడి, గోడకేసి అరచెయ్యి గట్టిగా కొట్టింది. నొప్పెట్టింది గాని కోపం తగ్గలేదు.

ఆ ఆదివారమే శ్రీకాకుళం వెళ్లి తన జీతంలోంచి ఒక ఎస్ఎస్‌డీ కొంది. ఒక్కటి చేసి చూపిస్తే ఆయనే దిగివస్తాడని ఆశ. మర్నాడు భోజనాల వేళ ల్యాబ్‌లో ఏడో నంబరు సిస్టమ్ పక్కపలక విప్పింది. ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము బొంతలా లేచింది. అరుణశ్రీ వాళ్లు టిఫిన్ డబ్బాలు మూసేసి చుట్టూ చేరారు. కొత్త డ్రైవు అరచేతిలో పట్టేంత చిన్నది. పాత డిస్క్ కూర్చునే అరలో అది వదులైపోయింది. ఒకవైపు మరలు బిగించి, రెండోవైపు రెండు పక్కలా అంటుకునే టేపు వేసి నిలబెట్టింది. పాతదాంట్లోని సరుకంతా కొత్తదాంట్లోకి ఎక్కించి, పాత డిస్క్ ఊడదీసి బీరువాలో దాచింది.

"ఇంక నొక్కు," అంది అరుణశ్రీతో.

గరగర లేదు. విండోస్ గుర్తు కనపడింది, మాయమైంది, తెర తెరుచుకుంది. అప్పటికి అరుణశ్రీ కుర్చీ ముందుకు లాక్కోనైనా లేదు.

"ఓలమ్మ! ఎంత బేగి వచ్చీసిందో!" అని ఓ పిల్ల గట్టిగా అరిచింది. ఆ అరుపుకి పక్క క్లాసు మేడమ్ తలుపులోంచి తొంగి చూసింది.

ఆ వారమంతా ఏడో నంబరు దగ్గర పిల్లలు వంతులు వేసుకున్నారు. ఒకళ్లు లేస్తే ఒకళ్లు కూర్చున్నారు. పుస్తకంలో చదివిన ప్రోగ్రాములు తమ చేతి కింద నడుస్తుంటే వాళ్ల ముఖాలు చూసి అనూరాధకు కడుపు నిండిపోయింది. జగన్నాధం గారు కూడా వచ్చి చూసి, "భలే ఉందమ్మా" అని మెచ్చుకుని వెళ్లారు.

సోమవారం పొద్దున ల్యాబ్ తాళం తీసేసరికి ఏడో నంబరు బల్ల ఖాళీగా ఉంది. తీగలు కిందికి వేలాడుతున్నాయి.

దొంగలు పడ్డారేమో అనుకుంది. పరుగున గేటు దగ్గరికి వెళ్లి వాచ్‌మన్ అసిరయ్యను అడిగింది. ఆయన తల గోక్కున్నాడు.

"దొంగలేటమ్మా... పెద్దయ్య గారే తెమ్మన్నారు. శనివారం సాయంత్రం నానే మోసుకెల్లి ఆయన గదిలో పెట్టీసినాను."

అనూరాధ ప్రిన్సిపాల్ గది గుమ్మంలో నిలబడింది. ఏడో నంబరు ఆయన బల్ల మీద ఉంది. డబ్బా మీద తెల్ల రంగుతో వేసిన అంకె కూడా చెరపలేదు. ఆయన దాంట్లో ఏదో క్రికెట్ మ్యాచ్ చూస్తున్నాడు.

"రా అమ్మా. ఇది బాగా పనిచేస్తోందని ఆఫీసుకి తెప్పించాను. నా పాతది ల్యాబ్‌కి పంపిస్తాలే."

"సార్, అది పిల్లల కోసం నేను కొని పెట్టింది."

"నువ్వు కొన్నది లోపలి ముక్క. డబ్బా కాలేజీదే కదా? కాలేజీ ఆస్తిలో పెట్టాక అదీ కాలేజీదే. ఉద్యోగం చేసేచోట నాదీ నీదీ అనుకోకూడదమ్మా. పెద్దదానివి కావాలి."

అనూరాధకు మాట పడిపోయింది. ఆ పూట క్లాసులో బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క మూడుసార్లు విరిగింది. పిల్లలు ఏమీ అడగలేదు. వాళ్లకు అప్పటికే తెలిసిపోయింది. అడగకపోవడం ఆమెను ఇంకా మండించింది. ఇరవయ్యేళ్లు నిండకుండానే, మంచిదేదైనా చేతికొస్తే దాన్ని పైవాళ్లు పట్టుకుపోతారని వాళ్లకు ఎవరు నేర్పారు?

ఇంటికొచ్చి చెప్పులు విసిరికొట్టింది. దాలమ్మ ఎండుచేపలు తిరగేస్తూ తలెత్తి చూసింది.

"ఏటే, ఎవులి మీద?"

అంతా చెప్పింది. దాలమ్మకు కంప్యూటర్ సంగతి పట్టుబడలేదు గాని మిగతాదంతా పట్టుబడింది.

"అయితే ఆడు అట్టుకుపోతే నువ్వేటి సేసినావు?"

"ఏటి సేస్తాను? ప్రిన్సిపాల్."

"నాను పాడుకున్న వంజరం సేప ఓపాలి సావుకారు తన గంపలో ఏసుకున్నాడు. నానేటి ఏడుసుకుంటూ ఇంటికొచ్చీసినానా? ఆడి గంపలో సెయ్యెట్టి తీసుకున్నాను. అందరూ సూస్తుండగానే తీసుకున్నాను. సాటున తీస్తే దొంగతనం అంటారు, అందరి ముందర తీస్తే నాది అంటారు. ఎల్లి తెచ్చుకో. ఉద్యోగం పోతే తట్ట ఉన్నాది."

మర్నాడు పదకొండు గంటల విరామంలో అనూరాధ బీరువాలోని పాత హార్డ్ డిస్క్, మరలు తిప్పే స్క్రూడ్రైవరు పట్టుకుని ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లింది. ఇద్దరు లెక్చరర్లు అక్కడే టీ తాగుతున్నారు.

"సార్, సిస్టమ్‌లో కొంచెం పనుంది," అంది.

"చూడమ్మా, చూడు," అని జగన్నాధం గారు సంతోషంగా కుర్చీ జరిపాడు. ఆమెకూ ఒక టీ చెప్పాడు.

అనూరాధ పక్కపలక విప్పి, పాత డిస్క్‌ని కూడా తగిలించి, ఈ రెండు రోజుల్లో ఆయన దాచుకున్న కాగితాలూ ఫొటోలూ అన్నీ అందులోకి ఎక్కించింది. పరాయివాడి సరుకు ఒక్కటి పోయిందనిపించుకోవడం ఆమెకు ఇష్టం లేదు. అది అయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడింది. టీ ముట్టుకోలేదు. ఎక్కడం పూర్తయ్యాక సిస్టమ్ ఆపి, మరలు తీసి, టేపు చింపి, ఎస్ఎస్‌డీ ఊడదీసి దుప్పటా కొంగులో కట్టుకుంది. పాత డిస్క్‌ని అరలో బిగించి పలక మూసింది.

"అదేంటమ్మా? అది తీశావేం?"

"ఇది నాది సార్. డబ్బా కాలేజీదన్నారు కదా, డబ్బా ఉంచేశాను. మీ ఫైళ్లన్నీ పాత డిస్క్‌లో ఉన్నాయి. అన్నీ వస్తాయి. కొంచెం ఆలస్యంగా వస్తాయి."

ఆయన ముఖం కందిపోయింది. లేచి నిలబడ్డాడు. "ఇది దొంగతనం! పట్టపగలు నా గదిలో నా ముందే... ఏం అనుకుంటున్నావు నువ్వు? చేపల వీధి అనుకున్నావా ఇది?"

అక్కడ తెగింది పళ్ల కింది కోపం.

"సేపల ఈదే నయం!" అంది అనూరాధ. గొంతు వరండా దాటింది. "అక్కడ తప్పుడు తూకం ఏస్తే సెయ్యట్టుకుని అడుగుతారు. ఇక్కడ అడగడానికి నోరు నేదు ఎవులికీ. ఆ సదువుకునే గుంటలు రెండు బస్సులు మారి వస్తన్నారు సార్, ఫీజులు కడతన్నారు. ఆళ్ల ముందున్నది తీసుకొచ్చి మీరు కిరికెట్టు సూస్తారా? దొంగతనం అన్నారు కదా, ఎవులిది దొంగతనం? పోలీసుల్ని పిలవండి, నానిక్కడే ఉంటాను!"

టీ తాగుతున్న ఇద్దరూ గ్లాసులు చేతుల్లోనే పట్టుకుని కదలకుండా ఉండిపోయారు. వరండాలో పిల్లలు గుంపు కట్టారు. జగన్నాధం గారు తలుపు వంక చూశాడు, ఆ గుంపును చూశాడు, కూర్చున్నాడు. పోలీసుల్ని పిలవలేదు.

అనూరాధ ల్యాబ్‌కి వెళ్లి, ఆయన పంపిన పాత సిస్టమ్‌లో ఎస్ఎస్‌డీ పెట్టింది. మర రెండుసార్లు కింద పడింది. అరుణశ్రీ వంగి తీసిచ్చింది.

ప్రాక్టికల్స్‌కి బయటి నుంచి ఎగ్జామినర్ వచ్చాడు. ఉమాశంకర్ అని విజయనగరం మనిషి, ముక్కుసూటిగా మాట్లాడతాడు. పాత సిస్టమ్‌లు ఒక్కొక్కటే బిగుసుకుపోతుంటే పిల్లలందరూ ఎస్ఎస్‌డీ ఉన్న ఆ ఒక్కదాని దగ్గరే వంతులకు నిలబడ్డారు. మధ్యాహ్నానికి ముగియాల్సిన పరీక్ష పొద్దుగూకేదాకా సాగింది. ఆయన బస్సు తప్పిపోయింది. వెళ్తూ వెళ్తూ జగన్నాధం గారితో, "ఇది ల్యాబ్ కాదండీ, పాత ఇనుప కొట్టు. వచ్చే ఏడు ఇలాగే ఉంటే ఇక్కడ పరీక్ష పెట్టొద్దని పైకి రాస్తాను," అన్నాడు.

పది రోజుల్లో అన్నింటికీ ఎస్ఎస్‌డీలు వచ్చాయి. బిగించమని అనూరాధకే కబురొచ్చింది. ఆమె ఒక్కటే బిగించి చూపించి, మిగతావన్నీ పిల్లల చేతనే బిగింపించింది. ఇక ముందు వీళ్లు ఏ ప్రిన్సిపాల్‌నీ బతిమాలుకోకూడదని ఆమె పంతం.

వార్షికోత్సవం నాడు జగన్నాధం గారు మైకు ముందు నిలబడి, కాలం కంటే ముందుండాలన్న తన ఆలోచనతోనే ల్యాబ్‌ని ఆధునికం చేశానన్నారు. హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు. అనూరాధ కుర్చీ వెనక్కి తోసి, ఉపన్యాసం మధ్యలోనే హాలు మొత్తం దాటుకుంటూ బయటికి నడిచింది. చివర వందన సమర్పణ అరుణశ్రీ వంతు. రాసిచ్చిన కాగితం మడిచేసి, "మా చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చిన అనూరాధ మేడమ్‌కి" అని ఒక్క మాట అని దిగిపోయిందట. అప్పుడు మోగిన చప్పట్లు గేటు బయట నిలబడిన అనూరాధకు వినిపించాయి గాని, ఎవరికో తెలియలేదు. మర్నాడు పిల్లలు చెబితే తెలిసింది. అప్పుడు ఏడ్చింది.

జూన్‌లో కాలేజీ తెరిచారు. ఆమె చోట ఇంకో అమ్మాయిని తీసుకున్నారు. ఆ మాట ఆమె నేరుగా ప్రిన్సిపాల్ నోటే విన్నది. "సరే సార్," అని ల్యాబ్‌కి వెళ్లింది. తన ఎస్ఎస్‌డీ ఉన్న సిస్టమ్ ముందు కొత్తగా చేరిన పిల్ల ఒకతి కూర్చుని ఉంది. ఆ అమ్మాయిని లేపి ఇంకో సిస్టమ్ ముందు కూర్చోబెట్టి, అది ఎలా తెరవాలో ఓపిగ్గా చెప్పింది. తర్వాత తనది తను ఊడదీసుకుంది. కొత్త లెక్చరర్ బెదిరిపోయి చూస్తుంటే, "ఈ ఒక్కటీ సార్‌ని కొనమను. అడుగు. మెల్లగా అడక్కు," అని చెప్పింది.

ఇప్పుడు ఆమె విజయనగరంలో ఒక శిక్షణ కేంద్రంలో పాఠాలు చెబుతోంది. జీతం అప్పటికంటే నయం. సిస్టమ్‌లు బాగుంటాయి. అయినా సెలవులకు ఇంటికి వస్తూ బస్సు ఆ కాలేజీ ముందు నుంచి వెళ్తుంటే, ఆమె కిటికీలోంచి ముఖం తిప్పుకోదు. ఆ బోర్డు వంక నేరుగా, దాటిపోయేదాకా చూస్తుంది. పక్కన కూర్చున్నవాళ్లు, ఈవిడకి అక్కడ ఎవరి మీద అంత కోపం అనుకుంటారు.