మాచర్లలో మృగాల పళ్ళు లెక్కపెట్టిన రోజు

నరసరావుపేట నుంచి మాచర్లకు ఉదయం పూట ప్యాసింజరు రైలు ఉంది. పోయిన ఆదివారం ఎనిమిదింటికల్లా నేను స్టేషన్లో ఉన్నాను. చేతిలో ఒక సంచి. అందులో చార్జరు, నీళ్ళ సీసా, ఉప్మా డబ్బా, నేను రాసిన పుస్తకం కాపీలు ఐదు. కోర్టు ఎదురుగా నాకు జిరాక్స్ షాపు ఉంది కాబట్టి రాసిందీ నేనే, ప్రింటు తీసిందీ నేనే, స్పైరల్ బైండింగ్ వేసిందీ నేనే. పేరు 'మృగాలాటలో సమతూకం', నలభై పేజీలు. దాన్ని చదివిన మనిషి మాత్రం అప్పటిదాకా నాకు తారసపడలేదు.

మృగాలాట ఫోన్లో ఆడేది. అసలు పేరు ఇంగ్లీషులో బారెడుంటుంది, పలకలేక మా పల్నాడు గ్రూపులో ఇలా పిలుచుకుంటున్నాం. ఒక మృగాన్ని పెంచుకోవాలి, దానికి కొట్లాట నేర్పాలి, ఎదుటివాడి మృగం మీదికి వదలాలి. ఒక వంతు వాడిది, ఒక వంతు మనది. మృగాలు రెండు వందల పైచిలుకు ఉన్నాయి గానీ నెట్‌లో గెలిచేవాళ్ళంతా గాజుతాబేలునే పట్టుకుని వేలాడతారు. దాన్ని కొడితే సగం దెబ్బ కొట్టినవాడికే తగులుతుంది. మిగతా సగం గాయాన్ని అది వంతు వంతుకూ మాన్పుకుంటుంది. ఇది అన్యాయమని ఆరేళ్ళుగా గొంతు చించుకుంటున్నాను. మా చుట్టుపక్కల ఏ పోటీ పెట్టినా ముందుగా వెళ్ళి, పుస్తకం చూపించి, తాబేలును నిషేధింపజేసేది నేనే. నాలుగో పేజీలో 'తాబేలును వాడేవాడు ఆటగాడు కాడు' అని పెద్దక్షరాల్లో వేశాను కూడా.

నా మృగం తొండ. బలం లేదు, వేగం లేదు. ఉప్పు ఊదుతుంది. ఆ ఉప్పు తగిలిన మృగానికి మూడు వంతుల దాకా గాయం మానదు. అసలు గాయం మాన్పుకునే విద్యే లేని మృగాల మీద ఉప్పు చల్లి ఏం ప్రయోజనం? పదకొండు పోటీలకు తీసుకెళ్ళాను. పదకొండింటిలోనూ మొదటి రౌండులోనే ఎవడో ఉరుముపందితో వచ్చి తొక్కేశాడు. అయినా దాని మీద నాకు ప్రేమ. ఓడిపోయాక అది ఒక కన్ను మూసి పడుకుంటుంది, ఆ బొమ్మను కాసేపు అలాగే ఉంచి చూస్తాను.

ఆ రోజు పొద్దున ఉప్మా డబ్బా చేతికిస్తూ మా ఆవిడ ఉష తేల్చేసింది.

"పదకొండు సార్లు పోయొచ్చారు. ఈసారి కప్పు లేకుండా వస్తే ఫోన్లోంచి ఆ ఆట తీసెయ్యాలి. తొండ ముదిరి ఊసరవెల్లి అవుద్దంటారు. ఆరేళ్ళయినా మీ తొండ తొండే."

సరేనన్నాను. నేను పోటీలకు పోయినప్పుడల్లా షాపులో కూర్చోవలసింది ఆమె, నేను కాదనలేను. ఆట తీసేస్తే తొండ కూడా పోతుంది, మళ్ళీ తిరిగి రాదు. ఆ సంగతి తలుచుకుంటూ పాతిక రూపాయలు పెట్టి టికెట్టు కొన్నాను.

రైలు టైముకే వచ్చింది, కిటికీ పక్కన చోటు కూడా దొరికింది. సంతగుడిపాడు దాటాక డబ్బా ఖాళీ చేసి పోటీ కరపత్రం తీశాను. అచ్చు రంగులు బాగానే పడ్డాయి గానీ విషయం బోధపడలేదు. 'పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం, ఆరు పళ్ళ విభాగం, సీనియర్స్' అని ఉంది. తాబేలు నిషేధం ఊసే లేదు. ఎదుటి సీట్లో భుజాన కొత్త పగ్గం చుట్టలు వేసుకున్న ఒక పెద్దాయన ఉన్నాడు. కోటయ్యట, గురజాల దగ్గర ఎడ్లను చూడ్డానికి పోతున్నాడు. ఆయనే అడిగాడు.

"ఏందయ్యా, బండలాగుడు పందేలా? ఎక్కడ?"

"బండలాగుడు కాదండీ, ఫోన్లో మృగాల పోటీ. ఈ పళ్ళేమిటో తెలియటం లేదు."

"అందులో తెలవకపోయేదేముంది? ఎడ్లకి పళ్ళు చూసి ఈడు కడతారు. పాలపళ్ళ గిత్తలకి చిన్న బండ, ఆరు పళ్ళయితే పెద్ద బండ. లేగదూడని తీసుకొచ్చి ముదురెద్దు పక్కన కట్టకూడదు గందా. కమిటీ వాళ్ళు నోరు తెరిచి చూసి మరీ రాసుకుంటారు."

అప్పుడు అర్థమైంది. ఈ పోటీ పెట్టిన సుబ్బారాయుడుగారు ఇరవై ఏళ్ళుగా ఎడ్ల పందేల కమిటీ పెద్ద. పందేలు లేని రోజుల్లో ఫంక్షన్ హాలు ఊరికే ఉంటున్నదని ఈ పోటీ పెట్టాడని విన్నాను. మృగాలను ఏ తరగతిలో కట్టాలో తెలియక తనకు తెలిసిన లెక్క ఒకటి పెట్టేశాడు. నేను నలభై పేజీల్లో చెప్పలేనిది ఆయన ఒక్క ముక్కలో తేల్చాడని నవ్వుకుంటూ ఫోన్లో నా మృగాలను కోటయ్యగారికి చూపించాను. తొండ నోరు మూసుకుని ఉంటుంది కాబట్టి పాలపళ్ళు. ఎప్పుడో ఆటవాళ్ళు ఊరికే ఇస్తే తీసుకుని, వాడనని ఒట్టు పెట్టుకుని మూలన పడేసిన తాబేలు కూడా కంటపడింది.

"మరి దీనికి పళ్ళేయి?" అన్నాడాయన.

లేవు, ముక్కు ఉంది. కరపత్రం మళ్ళీ తీసి చూశాను.

"అయితే ఇదీ పాలపళ్ళే," అన్నాడు కోటయ్యగారు. "కానీ ఒకటి చెప్తా విను. పళ్ళు లేనంత మాత్రాన బలం లేదనుకోబాక. మా అమ్మకి ఒక్క పన్ను లేదు, ఇంట్లో ఇప్పటికీ ఆమె మాటే సాగుద్ది."

పిడుగురాళ్ళ వచ్చింది. సున్నపు బట్టీల తెల్లదుమ్ము కిటికీల మీద పడింది. టీ పది రూపాయలు, చక్కెర మాత్రం ఇరవై రూపాయలది వేశారు. టీ తాగుతూ ఆలోచించాను. పాలపళ్ళ విభాగంలోకి అందరూ పనికిమాలిన చిన్నాచితకా మృగాలతో వస్తారు. వాటి మీదికి తాబేలును వదిలితే అడ్డేముంది? సుబ్బారాయుడుగారికి ఫోన్ చేసి 'మీ లెక్కలో బొక్క ఉంది' అని చెప్పడం ధర్మం. నంబరు కరపత్రం మీదే ఉంది. నడికుడి దాకా ఫోను చేతిలోనే పట్టుకున్నాను. నడికుడిలో తొండను ఆటలోని పెట్టెలో పెట్టి తాబేలును బయటికి తీశాను. ఆట ఉంటేనే గదా తొండ ఉండేది, ఇదంతా దానికోసమే అని మనసుకు నచ్చజెప్పుకున్నాను. మనసు చాలా తేలిగ్గా ఒప్పుకుంది.

గురజాలలో కోటయ్యగారు దిగిపోయాడు. రెంటచింతల దాటి మాచర్ల చేరేసరికి పదకొండు దాటింది. హాలుకు షేర్ ఆటో ఇరవై రూపాయలు. గుమ్మంలో బల్ల వేసుకుని సుబ్బారాయుడుగారు కూర్చున్నాడు. ముక్కు మీదికి జారిన కళ్ళజోడుతో ఒక్కొక్కరి ఫోను తీసుకుని, బొమ్మను వేళ్ళతో పెద్దది చేసి, పళ్ళు లెక్కపెడుతున్నాడు. అందరూ ఆయన్ని బాబాయ్ అంటున్నారు. నాకు ముందున్నాయన ఒక చేపపిల్లను తెచ్చాడు. ఆటలో దానికంటే నీరసమైన మృగం లేదు, దాన్ని గాలి తగిలినా పడిపోయే జాతిగా కంపెనీ వాడే రాశాడు. కానీ నోరంతా రంపమే.

"అరవై దాకా ఉన్నయ్యే! సీనియర్స్," అన్నాడు బాబాయ్. "ఒరేయ్, దీని జోలికి ఎవరన్నా వస్తారా?"

ఎవరూ రాలేదు. సీనియర్స్‌కు సరిపడా పళ్ళున్నది అదొక్కటే. పోటీ లేకుండానే సీనియర్స్ కప్పు చేపపిల్లకు ఇచ్చేశారు. ఆయన కప్పు పట్టుకుని మధ్యాహ్నం భోజనం కూడా చేయకుండా వెళ్ళిపోయాడు, మళ్ళీ ఎవరైనా పళ్ళు లెక్కపెడతారేమోనని కాబోలు.

నా వంతు వచ్చింది. "నోరు తెరవమను దీన్ని," అన్నాడు బాబాయ్.

"తెరవదండీ."

"అయితే పాలపళ్ళు, రాసుకో," అన్నాడు పక్కనున్న కుర్రాడితో. "ఓ, నరసరావుపేట పుస్తకమాయన మీరేనా? భోజనాలకి ముందు నాలుగు మాటలు చెప్పాల. సమతూకమంటే మాకు చానా గౌరవం."

శాలువా కప్పారు. మైకిచ్చారు. జేబులో తాబేలును పెట్టుకుని పావుగంట సమతూకం గురించి మాట్లాడాను. బలవంతుడికి పగ్గం వేయాలన్నాను, బలహీనుడికి చోటు ఉండాలన్నాను. చప్పట్లు కొట్టారు. చెప్పేటందుకే నీతులు అని ఎవరన్నారో గానీ వాళ్ళు మాచర్ల మీటింగుకు వచ్చే ఉంటారు.

పులిహోర, గోంగూర పచ్చడి, పెరుగన్నం తిన్నాక ఒంటిగంటన్నరకు పాలపళ్ళ విభాగం మొదలైంది. పదహారు మందిమి. గోడ మీద పెద్ద తెర. తెర మీద మొదటి జత వచ్చింది: తాబేలు, తాబేలు. రెండో జత: తాబేలు, తాబేలు. హాల్లో అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఎవరి రైల్లో వాళ్ళకు ఒక కోటయ్య దొరికినట్టున్నాడు. పదహారులో పదిహేను తాబేళ్ళు. పదహారోది ఎక్కడో మూలన ఆడుతున్నారు, చూసే తీరిక నాకు లేదు.

తాబేలును తాబేలు కొడితే జరిగేదేమిటంటే ఏమీ జరగదు. ఇది కొడుతుంది, అది మాన్పుకుంటుంది. అది కొడుతుంది, ఇది మాన్పుకుంటుంది. ఎడ్ల పందెంలో ఎంత దూరం లాగాయో గడువు పెట్టి కొలిచినట్టు, పది నిమిషాలకు విజిల్ ఊది ఎవరికి గోరంత తక్కువ గాయముంటే వాళ్ళు గెలిచినట్టని బాబాయ్ తీర్పు చెప్పాడు. మైకులో ఆయన మాత్రం "హేయ్! హేయ్! లాగరా గిత్తా!" అని అరుస్తూనే ఉన్నాడు. తాబేళ్ళు కదలలేదు. అలా గోరంత తేడాతో మూడు రౌండ్లు గెలిచాను. ఆరేళ్ళలో మొదటి గెలుపులు. ఆనందపడదామని చూశాను, ఆవలింత వచ్చింది.

ఫైనల్‌లో నా ఎదుట కూర్చున్నది నూర్జహాన్ అనే ఆవిడ. నలభై ఏళ్ళుంటాయి. కారంపూడిలో టైలరు, జాకెట్లు కుడుతుంది. మెడలో ఇంకా కొలతల టేపు ఉంది. ఆమె ఫోను ఆన్ చేసింది. తెర మీద నా తాబేలుకు ఎదురుగా వచ్చి నిలబడింది తొండ.

నాది కాదు, ఆమెది. కానీ అదే వంకర తోక, అదే మూసిన నోరు.

మొదటి వంతులో తొండ ఉప్పు ఊదింది. నా తాబేలు గాయం మానలేదు. తొండ చిన్నగా కొరికింది. కొరికిన దాంట్లో సగం దానికే తిరిగి తగిలినా, దానికి తగిలేది ఎంత? పావలా వంతు. మళ్ళీ ఉప్పు, మళ్ళీ కొరకడం. తాబేలుకు మాన్పుకోవడం తప్ప కొట్టడం సరిగ్గా రాదు. ఉప్పు తగిలాక అది వట్టి గాజుబుడ్డి. నాలుగు నిమిషాల్లో పగిలిపోయింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు, కానీ ఆ తన్నేవాడు నా ఇంట్లోనే ఆరేళ్ళు తిని పడుకున్నాడని నేనెలా అనుకుంటాను!

చప్పట్ల మధ్య ఆమెను అడిగాను. "తొండతో ఎందుకొచ్చావమ్మా?"

"అదేందన్నా, మీరే రాశారుగా. ముప్పై ఒకటో పేజీ. తాబేళ్ళు ఎక్కువైన ఊళ్ళో తొండే రాజు అని. కరపత్రం చూడంగానే అందరూ తాబేళ్ళు తెస్తారనుకున్నా. గ్రూపులో ఒకరి దగ్గర తెచ్చుకుని, మిషన్ కాడ కూర్చుని మీ పుస్తకం రెండు సార్లు చదివా."

సంచిలోంచి కాపీ తీసి చూశాను. ఉంది. నలభై పేజీలు నిండటం లేదని ఒక రాత్రి విసుగ్గా కలిపిన వాక్యం. ఊరూరా తిరిగి తాబేలును నిషేధింపజేసి, నా తొండకు ఉన్న ఒక్క ఆహారాన్నీ నేనే లేకుండా చేశానన్నమాట. నిషేధం లేని ఒక్క పోటీ దొరికితే, ఆ రోజే దాన్ని పెట్టెలో పెట్టాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదనుకున్నాను. సిగ్గేసింది.

నాలుగున్నరకు కారంపూడి మీదుగా పోయే బస్సు ఎక్కాను. మిరప చేల మధ్య నుంచి రోడ్డు. ముందు సీట్లో నూర్జహాన్ కప్పు ఒళ్ళో పెట్టుకుని, బహుమతిగా వచ్చిన టేబుల్ ఫ్యాను కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చుంది. దుర్గి దాటాక ఉష ఫోన్ చేసింది.

"ఏమైంది? ఎవరు గెలిచారు?"

"తొండ," అన్నాను.

అవతల ఒక్క కేక. "మన తొండా? నిజంగానా? ఆరేళ్ళకి గెలిచిందా! అయ్యో పిచ్చిది, పొద్దున దాన్ని ఎన్ని మాటలన్నాను! ఉండండి, పక్క షాపు ఆయనకి చెప్పొస్తా."

"ఉషా, ఆగు. మన తొండ కాదు. ఇంకొకరిది. నేను తాబేలుతో ఆడాను."

"మరి మన తొండ ఏడుంది?"

"పెట్టెలో."

షాపులో జిరాక్స్ మిషన్ తిరుగుతున్న చప్పుడు వినపడుతోంది. ఆమె అంది. "పదకొండు సార్లు ఓడిపోయే చోటికల్లా తీసుకెళ్ళారు. గెలిచే రోజున కూర్చోబెట్టారా?"

కప్పు లేదు కాబట్టి ఆట తీసేస్తానని చెప్పాను.

"ఆట ఎందుకు తీస్తారు? అది ఏం పాపం చేసింది? ఆ తాబేలుని తీసెయ్యండి," అని పెట్టేసింది.

కారంపూడిలో నూర్జహాన్ దిగింది. ఫ్యాను అందించాను. బస్సు కదిలాక తాబేలును తీసేశాను, పెట్టె తెరిచి తొండను బయటికి తెచ్చాను. ఓడిపోకుండానే అది ఒక కన్ను మూసి పడుకుని ఉంది.

ఏడింటికి నరసరావుపేట. మొత్తం మీద మాచర్ల ప్రయాణం సుఖంగానే ఉంటుంది, వెళ్ళదలచినవాళ్ళు నిరభ్యంతరంగా వెళ్ళవచ్చు. రైల్లో కుడివైపు కిటికీ పట్టుకోండి, పిడుగురాళ్ళలో టీలో చక్కెర తగ్గించమనండి. సొంతంగా పుస్తకం ఏదైనా రాసి ఉంటే, నడికుడి వచ్చేలోపు దాన్ని ఒకసారి చివరిదాకా చదువుకోండి.