తోడేలుకు చూపించిన చీర

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక చీరల షాపులో, తెల్లపరుపు మీద కూర్చుని ముప్పై ఏళ్లుగా మడతలు విప్పుతున్న మనిషి బ్రహ్మం. పుట్టింది పోచంపల్లి పక్క ఊళ్లో, మగ్గాల ఇంట్లో. ఇన్నేళ్లలో ఆయన చీరల కంటే ఎక్కువగా అమ్మింది ఒక తోడేలు కథని.

పంతొమ్మిదేళ్లప్పుడు కుందేళ్ల వేటకని వలలు పట్టుకుని ఊరివాళ్లతో గుట్టల్లోకి వెళ్లాడట. తోడేలు ఎదురైందట. వేటగాళ్లంతా తలో దిక్కూ పారిపోతే, తనొక్కడే కర్ర పట్టుకుని నిలబడి దాన్ని తరిమేశాడట. అది దూకే ఘట్టం వచ్చేసరికి ఆడవాళ్లు బేరం మర్చిపోయేవారు. పెళ్లిళ్ల సీజన్లో ఒక్క తోడేలు కాస్తా మూడయ్యేది.

నిజానికి నిలబడింది అంతయ్య అనే ముసలి వేటగాడు. అందరికంటే ముందు చెట్టెక్కింది మన బ్రహ్మం. అంతయ్య ఎప్పుడో పోయాడు. ఇక అడిగేవాడెవడు?

మొన్న అడిగింది నాగేశ్వరి గారు, గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన పాత కస్టమరు.

"బ్రహ్మంగారూ, తుర్కయంజాల్లో మా కొత్తింటి వెనక తోడేలు తిరుగుతోందండీ," అంది ఫోన్లో. "మావారేమో కుక్కంటారు. గృహప్రవేశానికి చీరలు మీరే పట్టుకురండి. పనిలో పనిగా దాని సంగతీ చూసేద్దురుగాని."

బ్రహ్మం నడుం నొప్పని చెప్పి చూశాడు. షాపు ఓనరు హరిప్రసాద్ మాత్రం, "పో అన్నా, నీకేం భయం? పాత దోస్తే కదా!" అన్నాడు. వెళ్లకపోతే ముప్పై ఏళ్ల పరువు మూసీలో కలుస్తుంది. ఎల్బీనగర్లో కిరాయింట్లో ఉంటున్న ఆ మనిషికి సొంతమన్నది ఆ పరువొక్కటే.

దారిలో కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడి దగ్గర ఆగి, "స్వామీ, అది కుక్కయితే పదకొండు కొబ్బరికాయలు కొడతా," అని మొక్కుకున్నాడు.

హనుమంతుడు కొబ్బరికాయలకు ఆశపడలేదు. ఇంటి వెనక ఖాళీ ప్లాట్లలోకి బ్రహ్మం నాలుగడుగులు వేశాడో లేదో, నాగేశ్వరి గారూ ఆవిడ భర్త సాంబమూర్తీ లోపలికెళ్లి తలుపు గడియ పెట్టుకున్నారు. తుమ్మ పొదల వెనక నుంచి అది వచ్చింది. బూడిదరంగు, పొడుగు కాళ్లు, వేలాడే తోక. కుక్క కాదు. ఆ సంగతి బ్రహ్మం కంటే ముందు ఆయన కాళ్లకే తెలిసింది. చెట్టు కోసం చూశాడు. ప్లాట్లు వేసినవాళ్లు ఒక్క చెట్టూ మిగల్చలేదు.

కాళ్లు కదలకపోయేసరికి, చేతులు తమకొచ్చిన పని చేశాయి. భుజానున్న చీరల సంచిలోంచి పైనున్న చీర లాగి, ఒక్క విసురుతో ఆరు గజాలూ పరిచేశాయి. "డబల్ ఇక్కత్ అమ్మా, రంగు పోదు!" అని నోరు దానంతటదే అనేసింది.

తోడేలు ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కేసింది. అంచు నుంచి కొంగు దాకా చూసింది. చాలామంది కస్టమర్లలాగే ఏమీ తీసుకోకుండా వెళ్లిపోయింది.

మర్నాడు షాపులో బ్రహ్మం జరిగింది జరిగినట్టు చెప్పాడు. హరిప్రసాద్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"చీర జూసి తోడేలు ఉరికిందా? ముప్పై ఏండ్ల సంది నిజాలే చెప్పినవ్, గిప్పుడు గీ అబద్ధమేందన్నా?"

నిజంగా నిలబడిన రోజున నమ్మేవాడే లేడు. అంతలో ఒకావిడ పరుపు మీద కూర్చుంటూ, ఆ వేట కథ చెప్పమంది. బ్రహ్మం చీర తీశాడు. ఇప్పుడాయనకు సొంత తోడేలు ఒకటుంది. ఇంకొకరిది ఇంకా దాచుకోవడం ఎందుకనిపించింది.

"కర్ర పట్టుకుని నిలబడ్డది నేను కాదమ్మా, అంతయ్య తాత. నేను చెట్టెక్కిన," అన్నాడు.

గల్లా దగ్గర నుంచి హరిప్రసాద్ తలెత్తాడు.

"ఏమైందన్నా నీకు? ఒక్క పూటల రెండో అబద్ధం!"