అక్క పైచెవి కుట్టించుకున్నాక

నా నిశ్చితార్థానికి గాజులు కొందామని బళేపేటకు పోయిన రోజే అక్క చెవి కుట్టించుకుంది. తమ్మెలు చిన్నప్పుడే కుట్టించారు. ఇది చెవి పైన, అంచు వంపు తిరిగే చోట.

అప్పటికి బావ పోయి రెండేళ్ళు దాటింది. కామెర్లు వచ్చాయి. పసరు మందంటూ ఆ ఊరికీ ఈ ఊరికీ తిప్పి, ఆఖర్న ఆస్పత్రికి తెచ్చేసరికి ఆయనకు మనిషిని గుర్తుపట్టే తెలివి లేదు. పిల్లల్లేరు. దినాలు అయిపోయాక అత్తగారి వాళ్ళు అక్కను ఆటోలో తెచ్చి మడివాళలో మా ఇంటి ముందు దింపిపోయారు. నాయన గారపని మేస్త్రీ. నేను బడికి కూడా పోని వయసులో మడకశిర వైపు నుంచి ఈ కన్నడ నగరానికి వచ్చేశాం. మార్కెట్ వెనక రెండు గదుల ఇల్లు. ఆ ఇంట్లోకి అక్క మళ్ళీ వచ్చింది గానీ, పెళ్ళికి ముందున్న మనిషిగా రాలేదు. గోడవారగా నడిచేది. అందరూ తిన్నాక తినేది.

కొన్నాళ్ళకు బొమ్మసంద్రలో మాత్రలు డబ్బాల్లో సర్దే కంపెనీలో పని దొరికింది. పొద్దున్నే కంపెనీ బస్సు. లోపల తలకు టోపీ, ముక్కుకు మాస్కు. ఇంటికొచ్చాక ఆమె బట్టల్లోంచి మందుల వాసన వచ్చేది. అమ్మ ఆ వాసన పడదని అక్క చీరలు విడిగా తడిపేది. కారణం వాసనేనని చాలాకాలం అనుకున్నాను.

బళేపేటలో గాజులాయన మా అందరి చేతులూ పట్టుకుని కొలతలు చూశాడు. నావి, అమ్మవి, పక్కింటి అత్తవి. పెద్దాయన, మాటల మధ్యలో కన్నడం తెలుగు కలిపేసేవాడు. నా చేతికి పచ్చగాజులు ఎక్కిస్తూనే అక్క వైపు తిరిగి, "రామ్మా, నువ్వూ చెయ్యియ్యి. ఈ బణ్ణ, ఈ రంగు నీకు బాగుంటాది" అన్నాడు.

అక్క చెయ్యి సగం దాకా ముందుకొచ్చింది.

"ఆయమ్మకు వద్దులేప్పా" అంది అమ్మ.

అంతే. అమ్మ గొంతులో కోపం లేదు, ధర చెప్పినట్టే చెప్పింది. అక్క చెయ్యి వెనక్కి తీసుకుని, చెమట తుడుచుకుంటున్నట్టు కొంగుకు రుద్దుకుంది. గాజులాయన తల వంచుకుని నా రెండో చెయ్యి అందుకున్నాడు. కాసేపటికి చూస్తే అక్క అక్కడ లేదు. గాలికి బయట నిలబడి ఉంటుందనుకున్నాం.

నాలుగడుగుల అవతల ఒక ఫ్యాన్సీ షాపు. ముక్కు, చెవులు కుట్టబడునని బోర్డు. లోపల స్టూలు మీద అక్క కూర్చుని ఉంది. షాపాయన చేతిలో కాగితాలకు పిన్ను కొట్టే మిషన్ లాంటిది. మేం గడప ఎక్కేలోపే టక్కుమంది. అక్క కళ్ళ నిండా నీళ్ళు, పెదాల మీద మాత్రం చిన్న నవ్వు. పైచెవి మీద ఆవగింజంత తెల్లరాయి.

"ఏం పని ఇది?" అంది అమ్మ.

"చెవి కుట్టించుకుంటి."

"ఎవుర్ని అడిగితివి?"

"ఎవుర్నీ అడగల్యా."

ఇంటికొచ్చాక నాయన ముందు కూర్చుని ఏడ్చింది. "రేపు పెండ్లోళ్ళు వస్తారు. చూసి ఏమంటారు? మొగుడు పోయినదానికి సింగారం యాల అనరా?" నాయన బీడీ వెలిగించుకుని, "పోనీలేవే, చెవే గదా" అన్నాడు. అక్క తరఫున ఆయన అన్న మాట అదొక్కటే. దానికి అక్క మొహం విచ్చుకోవడం నేను చూశాను.

నాలుగైదు రోజులు బాగానే ఉంది. షాపాయన రోజూ ఆ రాయి కాడను తిప్పుతుండమన్నాడట, లేకపోతే అతుక్కుపోతుందట. అక్క బుద్ధిగా తిప్పేది. తిప్పినప్పుడల్లా పళ్ళు బిగపట్టేది. దానికి తోడు కంపెనీలో మాస్కు. దాని సాగే తాడు సరిగ్గా ఆ రాయి మీదుగానే పోయేది. షిఫ్టు అయ్యేదాకా అది నొక్కుతూనే ఉండేది. పైచెవి ఎర్రబడింది. పక్కింటి అత్త చెప్పిందని పసుపూ కొబ్బరినూనే కలిపి రాసుకుంది. మర్నాటికి చెవి పైభాగం వాచి, ముందుకు వంగింది. తమ్మె మాత్రం మామూలుగానే ఉంది. చూడ్డానికి రెండు వేరు వేరు చెవుల్లో సగం సగం తెచ్చి అతికించినట్టుండేది.

మా వీధి చివర ఒక డాక్టరమ్మ కూర్చునేది. నేనే తీసుకుపోయాను. ఆమె టార్చి వేసి చూసి, "యాకమ్మా, ఇష్టు దిన బిట్రి?" అంది, ఇన్నాళ్ళు ఎందుకు వదిలేశారని. తర్వాత నెమ్మదిగా వివరించింది. తమ్మె కండ, అక్కడ త్వరగా మానుతుంది. పైన ఉండేది మెత్తటి ఎముక లాంటిది, దానికి రక్తం సరిగా అందదు, అందుకే గాయం మొండికేస్తుంది. పసుపు వద్దు, నూనె వద్దు, స్పిరిట్ వద్దు. కాడను తిప్పొద్దు. రాయిని తనంతట తాను పీకి పారేయొద్దు, పైన కన్నం మూసుకుపోయి చీము లోపలే ఉండిపోతుంది. కాచి చల్లార్చిన నీళ్ళలో కాస్త ఉప్పు వేసి, శుభ్రమైన దూదితో ముందూ వెనకా తడిపి, పక్కు మెత్తబడ్డాక తుడవాలి. చెయ్యి ముందు సబ్బుతో కడుక్కోవాలి. మాత్రలు రాసిచ్చింది. వాపు పెరిగినా జ్వరం వచ్చినా ఆగకుండా రమ్మంది.

ఆ పని నేను పెట్టుకున్నాను. వెనక వైపు అక్కకు కనిపించదు గదా. పొద్దున్నే ఆమె బస్సుకు ముందు, సాయంత్రం వచ్చాక. వాకిట్లో వెలుతురుండే చోట పీట వేసుకుని అక్క కూర్చునేది, నేను వెనక మోకాళ్ళ మీద. ఆమె తల నా ఒళ్ళోకి వాల్చుకుని, వెంట్రుకలు పక్కకు తీసి, తడిపిన దూది చెవి మీద ఆనించి పట్టుకునేదాన్ని. పక్కు కరిగేదాకా కదలకూడదు. అమ్మ బియ్యం ఏరుకుంటూ గడపలో కూర్చునేది. మా వైపు చూసేది కాదు, లేచి పోయేదీ కాదు.

ఒక సాయంత్రం దూది తీయబోతుంటే అక్క నా మణికట్టు పట్టుకుంది.

"ఇంకొంచేపు ఉండనీ."

"నొస్తాందా?"

"లేదు. బాగుండాది." నన్ను చూడకుండానే అంది, "ఆయప్ప పోయినప్పట్నుంచి నన్నెవురూ తాకల్యా అమ్మీ. కంపెనీలో గూడా చేతులకు గ్లౌజులే. నువ్వు రోజూ తల పట్టుకుంటాండావు, అదే చాలనిపిస్తాది."

దూది మళ్ళీ ఉప్పునీళ్ళలో ముంచి, అవసరం లేకపోయినా చెవి మీద పెట్టాను. పెళ్ళిమాటల సందడిలో నా చేతులకు పసుపు రాసేవాళ్ళు, జడ వేసేవాళ్ళు, పట్టుకుని కొలతలు తీసేవాళ్ళు ఎందరో. ఒకే ఇంట్లో, ఒకే గదిలో, నా పక్కన పడుకునే మనిషి సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు.

కొంచెం తగ్గినట్టే తగ్గింది. వాపు దిగి, రాయి చుట్టూ ఎరుపు పలచబడింది. మాస్కు తాళ్ళు చెవులకు తగలకుండా తల వెనక ముడేసుకోమని డాక్టరమ్మ చెప్పింది. అక్క అట్లాగే కట్టుకుంది. కానీ కంపెనీలో సూపర్‌వైజరు ఒప్పుకోలేదు. అందరికీ ఒకటే పద్ధతి, మాస్కు సరిగా పెట్టుకోకపోతే లోపలికి రావొద్దన్నాడు. అక్క మళ్ళీ చెవుల మీదుగానే పెట్టుకుంది, ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెప్తే అమ్మ పని మానేయమంటుందని భయం. పని మానితే పొద్దుగూకులూ మళ్ళీ ఆ రెండు గదులే. నిశ్చితార్థం పనులు మీద పడ్డాక, తగ్గిపోయింది, ఇక తనే కడుక్కుంటానని నన్ను చెవి చూడనివ్వలేదు.

నా నిశ్చితార్థం రోజు అక్క వంటింట్లోంచి బయటికి రాలేదు. తలమీద కొంగు కప్పుకుని చిత్రాన్నం కలిపింది, పాయసం గిన్నెలు అందించింది. మగపెళ్ళివారి ఆడవాళ్ళు ఒకరిద్దరు "మీ పెద్దమ్మాయి ఏది?" అంటే అమ్మ "లోపల పనిలో ఉండాది" అంది. అందరూ వెళ్ళిపోయాక నేను పట్టుచీరతోనే వంటింట్లోకి పోయాను. అక్క స్టవ్ పక్కన గోడకానుకుని కూర్చుని ఉంది. కొంగు తీశాను. చెవి పైభాగమంతా అల్లనేరేడు పండు రంగుకు తిరిగి, నున్నగా మెరుస్తోంది. నుదురు మీద చెయ్యి పెడితే కాలింది.

"యాల చెప్పల్యా?" అన్నాను.

"ఈ పొద్దు నీది గదా."

అప్పుడే అమ్మ గిన్నెలు తీసుకుని లోపలికి వచ్చింది. అక్క చెవి చూసింది. గిన్నెలు కింద పెట్టేసి, తిట్టబోయినదల్లా నాయన కోసం వీధిలోకి పరుగెత్తింది.

పెద్దాసుపత్రిలో చేర్చుకున్నారు. చెవి కోసి చీము తీశారు, రాయి తీసేశారు. లోపల మెత్తటి ఎముక చాలామటుకు కరిగిపోయిందని, జబ్బు తగ్గుతుంది గానీ చెవి మునుపటి ఆకారానికి రాదని డాక్టరు చెప్పాడు. నాయన ఆ మాట విని, "వినపడుతుందా సామీ?" అని అడిగాడు. వినపడుతుందన్నాడు. నాయన దానికే చేతులు జోడించాడు. అక్క మంచం మీద అటు తిరిగి పడుకుని ఉంది. ఏడుస్తుందేమోనని వంగి చూశాను. కళ్ళు తెరుచుకుని కిటికీ బయట ఆరేసిన దుప్పట్లను చూస్తోంది.

ఇంటికి వచ్చాక మళ్ళీ కట్టు మార్చడం, కడగడం. ఒక పొద్దున నేను చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చేసరికి పీట వెనక అమ్మ కూర్చుని ఉంది. చేతులు తడిగా ఉన్నాయి, తనూ కడుక్కుంది. "ఎట్ల చేస్తావు చెప్పు" అంది నాతో. చెప్పాను. అమ్మ ఆ తల తన ఒళ్ళోకి తీసుకుంది. కుట్టు దగ్గర దూది ఆనించింది. అక్క బిర్రబిగుసుకుపోయింది, తర్వాత మెల్లగా మెడ వదిలేసింది. కడగడం అయిపోయినా అమ్మ లేవలేదు. దువ్వెన తెమ్మంది. కట్టు లేని వైపు వెంట్రుకలు చిక్కు తీసి, అటుపక్కే జడ అల్లింది. అల్లుతూ అల్లుతూ ఆగిపోయి, అక్క తలమీద తన మొహం ఆనించి, "నా తల్లీ, ఆ పొద్దు గాజులు ఏయించుకోనిచ్చింటే అయిపోయుండు" అని భోరుమంది.

"కాదులేమ్మా. చెవి కుట్టించుకోవల్లని నాకెప్పట్నుంచో ఉండె" అంది అక్క. అది నిజమో, అమ్మ కోసం అన్నదో నాకు ఈనాటికీ తెలియదు.

నా పెళ్ళికి అక్క వచ్చి మండపంలో మా వెనకే కూర్చుంది. అమ్మే కూర్చోబెట్టింది. అప్పటికి గాయం మానింది. చెవి పైఅంచు మాత్రం లోపలికి ముడుచుకుపోయి, వాడిన తమలపాకు అంచులా ఉండేది. అక్క ఆ వైపు వెంట్రుకలు కిందికి దించుకుని దువ్వుకోవడం మొదలుపెట్టింది. కంపెనీలో మళ్ళీ పనికి తీసుకున్నారు.

తర్వాత నాలుగేళ్ళకు అనుకుంటాను, నేను పుట్టింటికి వచ్చి ఉన్నప్పుడు ఒక సంబంధం వాళ్ళు అక్కను చూడ్డానికి వచ్చారు. అతనికీ అది రెండో పెళ్ళే, హిందూపురం దగ్గర బట్టల దుకాణం. అమ్మ పట్టుబట్టి తెప్పించిన సంబంధం. పదిమందీ ఏమన్నా పర్వాలేదని నాయనతో పోట్లాడింది. అతని తల్లి కాఫీ తాగుతూ అక్క మొహం చూస్తూనే ఉంది. గాలికి వెంట్రుకలు పక్కకు పోయాయి.

"చెవి అట్లుండాదేంటికమ్మా?" అని అడిగింది.

"చిన్నప్పుడు మెట్ల మీంచి పడి..." అమ్మ మొదలుపెట్టింది.

"పడల్యా," అంది అక్క. "నేనే కుట్టించుకుంటి. చీము పట్టింది."

"ఎప్పుడు?"

"మా ఇంటాయన పోయినాక."

ఆమె కాఫీ గ్లాసు కింద పెట్టింది. కొడుకు తల దించుకున్నాడు. పోయి కబురు చేస్తామన్నారు. ఆ కబురు రాలేదు.

వాళ్ళు సందు దాటిపోయేదాకా నేను అమ్మ వైపు చూడటానికి భయపడ్డాను. ఆశ పెట్టుకుని వారం నుంచి ఇల్లంతా కడిగించింది. వాళ్ళు తాగిన గ్లాసులన్నీ అమ్మ ఒక్కొక్కటే పళ్ళెంలో పెట్టుకుని లోపలికి పోయింది. అక్క చాప అంచు గోటితో గీకుతూ కూర్చుంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు అప్పుడు చూశాను. ఆస్పత్రిలో కూడా రాని నీళ్ళు.

"ఆయన మంచోడు మాదిరి ఉండె" అంది మెల్లగా.

కాసేపటికి లోపల్నించి అమ్మ పిలిచింది. ముగ్గురికీ అన్నం వడ్డించి ఉంది. అక్క పళ్ళెంలో నెయ్యి కాస్త ఎక్కువ వేసింది. తినేసి అక్క చీర మార్చుకుంది. ఆ రోజు ఆమెకు మధ్యాహ్నం షిఫ్టు. అమ్మ వీధి మొగదాకా వెంట పోయి, బస్సు వచ్చేదాకా ఆమె పక్కనే నిలబడింది.