పాడేవాళ్ళు లేని కచేరీ

మా భాగవతారు పోయాక నేను ఫిడేలును పెట్టెలో పెట్టి బీరువా మీదికి ఎక్కించేశాను. పుంగనూరు, కుప్పం, నిమ్మనపల్లె చుట్టుపక్కల ఆయన హరికథ చెప్పిన ప్రతిచోటా పక్కన ఫిడేలు నాదే. ఆయన పాడితే వెనక నడవడం, ఆయనకు గొంతు పట్టేస్తే కాసేపు జనాన్ని లేవకుండా చూడడం, ఇదీ నాకొచ్చిన విద్య. కథ చెప్పేవాడే లేకపోతే పక్కవాద్యం ఎవరి పక్కన కూర్చుంటుంది?

అలాంటప్పుడు పుంగనూరు గుడి పెద్దమనిషి ఫోన్ చేశాడు. ఏటా మేమిద్దరం వెళ్ళే తిరునాళ్ళకు ఈసారి నన్నొక్కణ్ణే వచ్చి వాయించమన్నాడు. బుద్ధుందా నీకు అని అడగబోయి, చూస్తాలే అన్నాను. నా భార్య మాత్రం ఆ మాట నన్ను అడగడానికి మొహమాటపడలేదు. ఇప్పుడు ఒప్పుకోకపోతే ఇంక ఈ జన్మలో నేను ఆ పెట్టె దించనని తేల్చేసింది. అది నిజం. అందుకే నాకు ఒళ్ళు మండింది.

ఆ వారంలోనే, కుప్పంలో ఉద్యోగం చేసే మా అమ్మాయి మదనపల్లెలో మా ఇంటికొచ్చి నా ఫోన్లో ఒక రికార్డింగు ఎక్కించింది. మూడొందల ఏళ్ళనాటి యూరప్ సంగీతమట, బరోక్ అంటారట, అంతా ఫిడేళ్ళేనట. నా భార్య చిక్కుడుకాయల చేట ముందేసుకుని నా పక్కనే కూర్చుంది. ఫిడేళ్ళన్నీ ఒక్కసారిగా బయలుదేరాయి, కదిలిపోయే బస్సు ఎక్కేవాళ్ళలా. నేను తొడ మీద తాళం వేసుకుంటూ పాడేవాళ్ళ కోసం ఎదురుచూశాను. ఒక ముక్క అయింది. ఇంకోటి అయింది. చిక్కుడుకాయలు కూడా అయిపోయాయి.

"పాడే ఆయన యాడికి పోయినాడు?" అంది నా భార్య.

పాడేవాళ్ళుండరని అమ్మాయి చెప్పింది. ముందుండే ఆ ఒక్క ఫిడేలే అంతా చెబుతుందట. ఎంత పొగరు! గమకం లేదు, ఒక స్వరం మీద నిలబడి ఊగడం లేదు, టకటకా దిగిపోవడమే. ఆపేయమన్నాను. అమ్మాయి మళ్ళీ మొదటినుంచి పెట్టింది. మా ఇంట్లో నా మాట చెల్లుబాటు అంతంతమాత్రం.

ఈసారి దాని పట్టు దొరికింది. ఆ ఫిడేలు కాసేపు ఏదో చెబుతుంది. అది ఆగీ ఆగకముందే మిగతావాళ్ళంతా మొదట వాయించిన వరసే అందుకుంటారు. మళ్ళీ అది కొంచెం దూరం పోయి వస్తుంది, వీళ్ళు మళ్ళీ అదే అంటారు. ఇది నాకు తెలియని సంగతా? భాగవతారు కథను ఒక మలుపు దగ్గర ఆపి "శ్రీమద్రమారమణ గోవిందో హరి" అనేవాడు. పందిట్లో జనమంతా "గోవిందా" అనేవారు.

హరికథే కదా ఇది, అన్నాను.

"మరి యాల మొగం మాడ్సుకోని కూసోనుండావు?" అంది నా భార్య.

నడిమి ముక్క నిదానంగా సాగింది. వెనకవాళ్ళు ఉన్నారో లేరో అన్నట్టు వాయిస్తున్నారు. అంత తగ్గి వాయించడం ఎంత కష్టమో నాకు తెలుసు, బతుకంతా నేను చేసిన పని అదే. భాగవతారు మీద బెంగ పుట్టుకొచ్చింది. లేచి చేట తీసుకెళ్ళి వంటింట్లో పెట్టొచ్చాను. తర్వాత పెట్టె కూడా దించాను.

పుంగనూరులో వేదిక మీద నేను, ఆ ఊరి మృదంగం ఆయన. భాగవతారు నిలబడే చోటు ఖాళీగా వదలమన్నాను, మైకుతో సహా. ఆయన కథలో పాడే పాటలే వరసగా వాయించాను. ఆయన ఆగే మలుపు దగ్గరికి రాగానే, అలవాటు కొద్దీ, నా కమాను ఆగిపోయింది. అక్కడ మాట ఆయనది. మృదంగం కూడా ఆగింది. మైకులోంచి ఏమీ రాలేదు. ఆ రోజు ఫోన్లో చూస్తాలే అని దాటేసింది ఈ క్షణానికి భయపడే.

ముందు వరసలో ఒక ముసలామె కొంగు సర్దుకుని, ఎవరో అడిగినట్టు, "గోవిందా" అంది. వెంటనే పందిరంతా అంది.

నేను కమాను మళ్ళీ తీగ మీద పెట్టాను.