ఇసుక కుప్ప మీద ఏకాభిప్రాయం

మా పాప గేటు గడియ తీయడం నేర్చుకున్న రోజు ఇంట్లో అందరూ చప్పట్లు కొట్టారు. మా అత్త ఫోను పట్టుకుని కమలాపురంలో ఉన్న చుట్టాలందరికీ చెప్పింది. నేనొక్కదాన్నే చప్పట్లు కొట్టలేదు. గేటు అవతల ఏముందో నాకు తెలుసు. ప్రొద్దుటూరులో మా వీధి సన్నగా, తిన్నగా ఉంటుంది. జమ్మలమడుగు రోడ్డు మీద రద్దీ తప్పించుకోవాలనుకునే ప్రతి మోటారు సైకిలూ ఇటే దూరుతుంది.

వారం తిరక్కుండానే నేను భయపడింది జరిగింది. పొయ్యి మీది పాలు దించి వచ్చేలోగా పాప వీధిలో ఉంది. ఒక బండి కీచుమని ఆగింది. చక్రానికీ పాప గౌనుకీ మధ్య జానెడు దూరం. బండి మీదున్న పెద్దమనిషి దిగి మా మెట్ల మీద కూలబడ్డాడు. పాపకు మాత్రం బండి నచ్చింది. హారన్ కొట్టమని అడిగింది.

ఆ సాయంత్రమే నిర్ణయించుకున్నాను, మా ఇంటి దగ్గర స్పీడ్ బ్రేకర్ వేయించాలని. మా ఆయన ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. "సిమెంటు నేను తెస్తా. మేస్త్రీతో నేను మాట్లాడతా. వీధిలో వాళ్లతో ఊ అనిపించు, చాలు" అన్నాడు. పసిపిల్ల ప్రాణం సంగతి, కాదనేవాళ్లు ఎవరుంటారు? డిగ్రీలో రాజనీతి శాస్త్రం చదివి కూడా నేను అలాగే అనుకున్నాను.

మొదట అత్తనే అడిగాను.

"మిగతావాళ్లు ఏమంటాండారో కనుక్కోని రా. ఆ తర్వాత నేను చెప్తా."

"వాళ్ల సంగతి ఎందుకత్తా, నీ ఉద్దేశం చెప్పు."

"నా ఉద్దేశం యాడికి పోతాదిమ్మే? వాళ్లది తెలిస్తే గదా నాది తెలిసేది."

అప్పుడు నవ్వుకున్నాను. అభిప్రాయం ఎలా పుడుతుందో మా వీధిలో దాచుకోకుండా చెప్పింది ఆమె ఒక్కతే అని తర్వాత తెలిసింది.

వీధి చివర మూలింట్లో గొర్రెల వ్యాపారం చేసే పెద్దాయన ఉంటాడు. అందరం మామా అని పిలుస్తాం. ఆయనకు నేను కూడా పాపనే. నా మాట పూర్తి కాకముందే ఒప్పుకున్నాడు. "వేపిచ్చు పాపా, ఈపొద్దే వేపిచ్చు!" సంతోషంగా మా ఎదురింటికి వెళ్లాను. అక్కడ టీచరమ్మ ఉంటుంది. మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. వినగానే పాపను ఒళ్లోకి తీసుకుని, "శానా మంచి ఆలోచన తల్లీ" అంది.

నేను అక్కడితో ఆగాల్సింది. "మామ కూడా సరే అన్నాడు టీచరమ్మా" అన్నాను.

ఆమె పాపను కిందికి దించింది. "ఆయప్ప ఒప్పుకున్నాడా? ఏంది, అంత తొందరగా?"

"అవును."

"అయితే ఆలోచించాల."

ఆలోచించడానికి ఆమెకు కారణం ఉంది. మా వీధి టీచరమ్మ ఇంటి నుంచి మూలింటి వైపుకు వాలుగా ఉంటుంది. పొద్దున్నే ఆమె నాపబండల మెట్ల మీద బిందెల కొద్దీ నీళ్లు పోసి కడుగుతుంది. ఆ నీళ్లు పారిపోయి మామ గేటు ముందు నిలుస్తాయి. దాని గురించి ఏళ్ల క్రితం మాటా మాటా అనుకున్నారు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇద్దరి మధ్య బ్రేకర్ పడితే ఆ నీళ్లు ఆమె మెట్ల కిందే మడుగు కడతాయి.

"సరే, మీ ఇంటికి ఎగువన వేయిద్దాం" అన్నాను. ఆమె ఒప్పుకుంది. ఈసారి మామ మొరాయించాడు. "ఆడ వేస్తే నా గొర్రెల ఆటో ఎట్లెక్కుతాది పాపా?" నిన్నటి చోటైతే అదే ఆటో సుఖంగా ఎక్కేదే.

చివరికి ఒక ఆదివారం సాయంత్రం ఇద్దరినీ మా మెట్ల మీద కూర్చోబెట్టాను. నలుగురు ఇరుగుపొరుగు వాళ్లు కూడా వచ్చారు.

"ఆయమ్మకు చెప్పు పాపా, వాకిలి కడగడానికి చెరువు అక్కరలేదని."

"ఆయనకు చెప్పు తల్లీ, గొర్రెల వాసన కంటే నీళ్లు మేలని."

ఇద్దరి మధ్య మూడడుగుల దూరం. మాటలు మాత్రం నా మీదుగానే పోవాలి. పక్కింటివాళ్లు టీచరమ్మ మాటే తమ మాట అన్నారు, పిల్లలు ఆమె దగ్గర చదువుకున్నారని. ఆ పక్కవాళ్లు మామ మాటే తమ మాట అన్నారు, పండక్కి పొట్టేలు ఆయనే ఇస్తాడని. బ్రేకర్ గురించి, దాని అవసరమున్న పాప గురించి ఒక్కరూ మాట్లాడలేదు. "ఇద్దురు చెప్పేదీ బాగానే ఉండాది" అని మా అత్త అందరికీ టీ ఇచ్చింది.

నేనేమీ వేరు కాదు. కాలేజీ రోజుల్లో పులివెందుల నుంచి స్కూటీ మీద వచ్చేటప్పుడు దారిలో ప్రతి బ్రేకర్‌నూ తిట్టుకునేదాన్ని. పాప చేతికి గడియ అందిన రోజే నా అభిప్రాయం మారింది.

అంతలో మాకు రెండిళ్ల అవతల కొత్తిల్లు మొదలైంది. ఇసుక తెచ్చి సగం వీధికి అడ్డంగా పోశారు. బండ్లన్నీ కాలు కింద పెట్టి మెల్లగా పోసాగాయి. నేను ఎన్నాళ్లకో కాఫీ వేడిగా తాగాను. వీధంతా మాత్రం మండిపడింది. ఒకరోజు టీచరమ్మ గొంతు విని బయటికొచ్చాను.

"ఏమప్పా, ఈ ఇసిక చూస్తాండావా? ఇల్లంతా దుమ్మే."

"చూస్తాండాన్లేమ్మా. అడిగేవాళ్లు ల్యాకపోతే ఇట్లే ఉంటాది."

ఏళ్ల తర్వాత ఇద్దరూ నేరుగా మాట్లాడుకుంటున్నారు! "కొన్నాళ్లు ఉండనీండి" అన్నాను ఆత్రంగా. ఇద్దరూ కలిసి నావైపు తిరిగారు.

"ఏంది పాపా, వీధంతా ఒక మాట మీద ఉంటే నువ్వొక్కదానివి అడ్డం చెప్తాండావు?"

ఇద్దరూ వెళ్లి ఇల్లు కట్టేవాళ్లను గట్టిగా అడిగేసరికి మూడో రోజుకు కుప్ప లేదు. విచిత్రమేమిటంటే, బండ్లు మరికొన్నాళ్లు ఆ చోటికి రాగానే నెమ్మదించి పక్కకు తిరిగేవి. లేని కుప్పను తప్పించుకుని పోయేవి. మన అభిప్రాయాలు చాలావరకు ఇలాంటివే అనిపించింది. అయితే కొత్తగా వచ్చేవాళ్లకు ఆ అలవాటు ఉండదు కదా. మళ్లీ ఒక బండి గాలిలా పోయింది. నేను మళ్లీ పరుగున వెళ్లి గేటు గడియ చూసుకున్నాను.

మా ఆయనతో చెప్పి సగం ట్రాక్టరు ఇసుక మా ఇంటి ముందే పోయించాను. ఎవరడిగినా మేడ కడుతున్నామన్నాను. అనుకున్నట్టే టీచరమ్మ, మామ కలిసే వచ్చారు.

"తీసేస్తాను. దీని బదులు బ్రేకర్ వేయనిస్తే" అన్నాను.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మామ వంగి కుప్ప చుట్టూ చూశాడు. పొద్దున టీచరమ్మ పోసిన నీళ్లు మామ గేటు దాకా రాకుండా దాని పక్కనుంచి, గోడవారగా, మురికి కాలువలోకి పోయిన చార ఇంకా కనిపిస్తూనే ఉంది.

"ఈడే వేపిచ్చు. అంచున నీళ్లు పోయే సందు మాత్రం ఇడిసిపెట్టమను" అన్నాడు.

"నేనూ అదే చెప్దామనుకుంటాండా" అంది టీచరమ్మ.

మేస్త్రీ ఆదివారం వస్తానన్నాడు. ఆదివారం చర్చి అంది టీచరమ్మ. ఆ మరుసటి రోజు గొర్రెల సంత అన్నాడు మామ. రోజు ఇంకా తేలలేదు. ఇసుక మాత్రం కదలనివ్వలేదు నేను. పాప దానిమీద కూర్చుని, వంగి వంగి పోయే ప్రతి బండికీ నోటితో హారన్ కొడుతోంది.