వార్డెనమ్మ చెయ్యి పెట్టి చూసిన నీళ్లు

వార్డెనమ్మ పోయిందని మిర్యాలగూడ నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. సూర్యాపేటలో నేను పాఠాలు చెప్పిన ఆడపిల్లల కాలేజీకి ఆమె హాస్టల్ వార్డెన్. ఆమె గది పక్కనే నా గది. సాయంత్రం ఆటోలో ఆ కాలేజీ ముందు నుంచి వస్తుంటే అప్పటికే గేటుకు ఫ్లెక్సీ కట్టేశారు. "మా కుటుంబ సభ్యురాలికి శ్రద్ధాంజలి" అట. ఆమె ఫొటోకు సరిగ్గా పైన పాత బోర్డు: "ఇరవై నాలుగు గంటలూ వేడి నీళ్లు." నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

ఆ వేడి నీళ్ల గురించే చెప్పాలి.

మిద్దె మీద గ్యాస్‌తో నడిచే కండెన్సింగ్ బాయిలర్ పెట్టిన రోజు యాజమాన్యం స్వీట్లు పంచింది. పొగతో పాటు వృథాగా పోయే వేడిని కూడా అది పట్టి నీళ్లకిస్తుందని చెప్పారు. పొగలోని ఆవిరి చల్లబడి సన్న గొట్టంలోంచి చుక్కలు చుక్కలుగా కారేది. "దీనికి పడిశం పట్టింది" అని పిల్లలు నవ్వేవాళ్లు. చలి ముదిరాక ఆ నవ్వులు పోయాయి. పొద్దున్నే వంటగదిలో ఉప్మాకు పెద్ద పొయ్యిలు వెలిగించగానే పైన బాయిలర్ ఆగిపోయేది. టకటకమని నిప్పు కొట్టుకునేది, మంట అంటుకుని ఆరిపోయేది. కాసేపు అలా తంటాలు పడి, ఇక నా వల్ల కాదన్నట్టు ఎర్ర లైటు వేసుకుని కూర్చునేది. కింద నల్లాల్లో నీళ్లు చల్లబడిపోయేవి.

వార్డెనమ్మ శాలువా కప్పుకుని స్నానాల గదుల ముందు నిలబడేది. ప్రతి బకెట్‌లోనూ మణికట్టు తిప్పి ముంచి చూసేది. "పో బిడ్డా, మంచిగున్నయ్" అనో, "జర ఆగు" అనో చెప్పి పంపేది. ఎందుకమ్మా అంత చాదస్తం అంటే ఒకటే మాట. "బోర్డుకేంది మేడం, ఏమన్న రాస్కోవచ్చు. నీళ్లకు అబద్ధం రాదు."

ఆమె పోరు పడలేక చివరికి కోదాడ నుంచి మెకానిక్‌ను పిలిపించారు. అతను గ్యాస్ పైపుకు ప్రెషర్ మీటరు తగిలించి పొయ్యిలు ఆర్పించాడు. ముల్లు నిలబడింది. వెలిగించమన్నాడు. ముల్లు కూలబడింది.

"బాయిలర్‌కేం కాలేదండి. గ్యాసే చాలట్లేదు. సన్న పైపు ఒక్కటేసి పొయ్యిలకీ దీనికీ అదే ఇచ్చారు. దీనికి వేరే లైను వేయించుకోండి" అన్నాడు.

వేరే లైను అంటే ఆఫీసు ముందు కొత్తగా పరిచిన టైల్స్ తవ్వాలి. కాలేజీ నడిపే కరస్పాండెంటు గారికి ప్రాణం మీదికి వచ్చినట్టయింది. "మొన్ననే ఏసిన టైల్స్ పలగ్గొడ్తరా?" అని మెకానిక్‌ను పంపించేశాడు. మంచిరోజు చూసి పంతులు గారిని పిలిపించి, బాయిలర్‌కు దిష్టి తీయించి గుమ్మడికాయ కొట్టించాడు. నిమ్మకాయలు, మిరపకాయలు కూడా వేలాడదీశారు. మర్నాడు ఉప్మా పొయ్యి వెలిగింది, బాయిలర్ ఆరిపోయింది.

"దిష్టి టైల్స్‌కు తగుల్తదని సార్ భయం మేడం" అంది వార్డెనమ్మ. నవ్వుతూ అనలేదు.

చన్నీళ్లు పోసుకున్న పిల్లలు దగ్గుకుంటూ క్లాసుకొస్తుంటే ఆమె ఊరుకోలేకపోయింది. ముందు పిల్లల స్నానాలు, తర్వాతే పొయ్యిలు అని వంటమ్మకు చెప్పింది. నీళ్లు వేడిగా వచ్చాయి, టిఫిన్ ఆలస్యమైంది. కరస్పాండెంటు ఆమెను పిలిపించి అందరి ముందూ అరిచాడు.

"టిఫిన్ లేటయితే పేరెంట్స్ ఊకుంటరా?"

"పైపు ఏపియ్యుండ్రి సార్. రెండూ టైముకైతయి."

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్నట్టుంది ఆయన సంగతి. ఎదురు మాట్లాడిందని ఆమెను తీసేశారు. ట్రంకు పెట్టె ఆటోలో పెట్టించి, వంటమ్మ దగ్గరికి వెళ్లి, "పొయ్యి జర ఆగి అంటువెట్టు చెల్లే" అని మాత్రం చెప్పింది. వంటమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మర్నాటి నుంచి ఉప్మా టైముకే వచ్చింది.

నేను కూడా తర్వాత ఆ ఉద్యోగం మానేశాను. మొన్న ఆమె మంచాన పడిందని తెలిసి మిర్యాలగూడ వెళ్లాను. మనిషి సగమైంది. మంచినీళ్లు తాగమని కూడా అనకముందే, "ఏడి నీళ్లొస్తున్నయా మేడం?" అని అడిగింది. రావట్లేదట అన్నాను. గోడ వైపు తిరిగి అడిగింది.

"టైల్స్ మంచిగున్నయా?"

ఆ మాట నాలో ముల్లులా ఉండిపోయింది. ఫ్లెక్సీ కట్టినవాళ్లకు వినిపించాల్సిన మాట, వాళ్లకు తప్ప అందరికీ చెప్తున్నాను.

అస్థికలు కలపడానికి వాడపల్లి వెళ్లాం. కాలేజీ తరఫున ఎవరూ రాలేదు, ఫ్లెక్సీతో వాళ్ల పని తీరిపోయింది. ఆమె హాస్టల్లో ఉండి చదువుకున్న అమ్మాయిలు కొందరు మాత్రం వచ్చారు. వాళ్లలో ఒకమ్మాయి ఇప్పుడు సూర్యాపేట దవాఖానలో నర్సు. పొద్దున్నే మూసీ, కృష్ణ కలిసే చోట చలిగాలి కోస్తోంది. వార్డెనమ్మ తమ్ముడు కుండ పట్టుకుని మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగాడు.

"ఆగుండ్రి బాబాయ్" అంటూ ఆ అమ్మాయి చీర తడుస్తున్నా పట్టించుకోకుండా వెనకే దిగింది. వంగి, మణికట్టు తిప్పి నీళ్లలో ముంచింది. అలాగే కాసేపు ఉంచి నా వైపు తిరిగింది.

"సల్లగున్నయ్ మేడం" అంది.

తమ్ముడు కుండ వంచలేక అలాగే పట్టుకుని నిలబడ్డాడు.